తమ్మునికి కిడ్నీ ఇచ్చి ఏడు నెలలైంది, నా పానం కుదుటపడ్తలేదు

సూదీదారం (బోడుప్పల్) · సోమవారం, రాత్రి 11:52

అందరికి నమస్తే. తమ్మునికి కిడ్నీలు పోయినయని తెలిసిన కాడి నుంచి ఈ వేదికల చదువుడే తప్ప ఎన్నడు రాయలె. ఇయ్యాల రాస్తున్న, ఎందుకంటే ఇది ఇంట్ల ఎవ్వరికి చెప్పేతట్టు లేదు.

నాకు 39 ఏండ్లు, పిల్లలున్నరు. బోడుప్పల్‌ల చిన్న టైలరింగ్ షాపు ఉన్నది. తమ్మునికి 34. రెండేండ్లు వారానికి మూడు మాట్ల డయాలసిస్. నాన్న లేడు, అమ్మకు షుగరు, మరదలి రక్తం గ్రూపు కలవలె. నాది కలిసింది. నేనే ఇస్తనన్న, ఎవ్వరు బలవంతపెట్టలె. అనుమతి ఇచ్చే కమిటీ ముంగట కెమెరా పెట్టి అడిగినప్పుడు గదే చెప్పిన, ఇప్పటికి గదే చెప్త. ఉగాది అయినంక వారానికి ఆపరేషన్ అయింది. తమ్ముడు మంచిగున్నడు. డ్యూటీకి పోతున్నడు, కడుపు నిండ నీళ్ళు తాగుతున్నడు. వాడు చెంబెడు నీళ్ళు ఒక్క గుక్కల తాగుతుంటే చూసి నేను ఏడ్చిన. రెండేండ్లు గ్లాసుతోని కొలుసుకొని తాగిండు.

మరి నాకేమైంది? అదే తెలుస్తలేదు. మిషన్ మీద గంట కూసుంటే కోత పక్క మంట, పైన తిమ్మిరి. పొద్దుగాల లేవబుద్ధి కాదు. రాఖీ పున్నానికి తమ్ముడు వచ్చిండు, పళ్ళెంల ఐదు వందలు పెట్టి చాయ్ గూడ తాగకుంట పోయిండు. నా మొఖం దిక్కు చూడలె. బతుకమ్మకు అమ్మోళ్ళింటికి పోతే వాడకట్టోళ్ళంత నా చేతులు పట్టుకొని "నువ్వు దేవతవే బిడ్డా" అన్నరు. దేవత అన్నంక ఇగ నొప్పి అని ఎట్లంటం? పైసలు లేవు అని ఎట్లంటం?

మా ఆయనకు చెప్తే "ఇస్తనన్నది నువ్వే గద" అన్నడు. తప్పుగ అనలె, అలసిపోయి అన్నడు. కని ఆ మాట ఇంక నాల్నే ఉన్నది.

ఇచ్చినందుకు బాధ పడ్తలేను. మరి ఈ బాధ ఎందుకు?

---

విశ్రాంత సిస్టర్ · మంగళవారం, ఉదయం 5:40

అమ్మా, నేను ప్రభుత్వ ఆసుపత్రిలో కిడ్నీ మార్పిడి వార్డులో చాలా ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యాను. నీ ఉత్తరం లాంటి మాటలు ఎన్నోసార్లు విన్నాను, ఎక్కువగా వార్డు బయట మెట్ల దగ్గర.

ముందు ఒంటి సంగతి. నీకు పక్కటెముకల కింద పెద్ద కోత పెట్టినట్టున్నారు. అక్కడ నరాలు తెగుతాయి, తిమ్మిరీ మంటా నెలల తరబడి ఉండవచ్చు. అయినా ఏడు నెలలకు కూడా కూర్చోనివ్వడం లేదంటే డాక్టరుకు చూపించాల్సిందే, ఓర్చుకోకు. నొప్పికి మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వేసుకోకు. ఉన్నది ఒక్క కిడ్నీ, ఆ మాత్రలు దానికి పడవు. బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రంలో ప్రొటీన్ ఏడాదికోసారి జీవితాంతం చూపించుకోవాలి. నువ్వు చూపించుకున్నావా? డిశ్చార్జి అయ్యాక వెళ్ళి ఉండవని నా అనుమానం.

ఇక మనసు సంగతి. ఆపరేషన్ నాటి రాత్రి వార్డులో ఏం జరుగుతుందో చెబుతాను. కిడ్నీ పుచ్చుకున్నవాళ్ళు వేరే గదిలో ఉంటారు. గంట గంటకూ మూత్రం కొలుస్తాం, డాక్టర్లు వస్తూ పోతూ ఉంటారు, చుట్టాలు అద్దంలోంచి తొంగి చూస్తుంటారు. కిడ్నీ ఇచ్చిన మనిషి మామూలు వార్డులో ఉంటుంది. నిజానికి ఆ రాత్రి నొప్పి ఎక్కువ ఆమెకే. పుచ్చుకున్న మనిషికి ఒంట్లో విషం దిగిపోయి నాలుగో రోజుకే ముఖంలో కళ వస్తుంది. ఇచ్చిన మనిషి ఆసుపత్రికి నడిచి వచ్చింది, వంగి వెళ్తుంది. ఏ జబ్బూ లేకుండా వచ్చి రోగిగా బయటికి వెళ్ళేది ఆ వార్డులో ఆమె ఒక్కతే. ఆమె మంచం దగ్గర అటెండరుగా చాలాసార్లు ఎవరూ ఉండరు, ఉన్నవాళ్ళంతా అటువైపు ఉంటారు.

కాబట్టి నీ బాధకు కారణం నువ్వు వెతుక్కోనక్కర్లేదు తల్లీ. నిద్ర పడుతోందా? అన్నం తింటున్నావా? రెండు వారాలకు మించి లేవబుద్ధి కాకుండా ఉంటే మానసిక వైద్యుల దగ్గరికి కూడా వెళ్ళు. ఆపరేషన్‌కు ముందు నీ మనసు పరీక్షించిన డాక్టరు ఉంటారు కదా, ఆపరేషన్ తర్వాత కూడా వాళ్ళ ఓపీకి వెళ్ళవచ్చు.

---

పెద్దబాలశిక్ష · మంగళవారం, ఉదయం 9:15

చెల్లెమ్మా, తప్పుగా అనుకోవద్దు. నాకు 71 ఏళ్ళు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని మా పెద్దలు చెప్పేవారు. రక్తసంబంధం కోసం చేసిన పనిలో నష్టం లెక్క వేసుకుంటే పుణ్యం తగ్గుతుందేమోనని నా భయం. తమ్ముడు బతికాడు. దానికంటే కావలసిందేముంది?

---

కాకినాడ కోడలు (కేపీహెచ్‌బీ) · మంగళవారం, మధ్యాహ్నం 1:30

పెద్దవారు, మీ మాట కాదనడం లేదండి. కానీ ఆవిడ పుణ్యం అడగలేదు, మిషన్ మీద కూర్చోలేకపోతున్నాను అంటున్నారు.

నేను మా వారికి ఇచ్చాను. 2017లో. అప్పుడు నాకు 36. మూడేళ్ళు బాగానే ఉన్నారు. తర్వాత ఒంట్లో ఇన్‌ఫెక్షన్ చేరి పదకొండు రోజుల్లో పోయారు. కిడ్నీ చివరిదాకా పనిచేసిందని డాక్టరుగారు చెప్పారు. నాకు ధైర్యం చెప్పాలనే అన్నారు పాపం. ఆ మాట విన్నాక నాకు కలిగినది దుఃఖం ఒక్కటే కాదండి. నా ఒంట్లో భాగం కూడా ఆ రోజు వెళ్ళిపోయింది. దహనం దగ్గర నేను అనుకున్నది ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ కూడా చెప్పను.

తర్వాత ఏమైందంటే, మా అత్తగారి తరఫువాళ్ళు "కిడ్నీ ఇచ్చినా దక్కలేదు" అనేవారు. అందులో నా తప్పు ఎక్కడుందో తెలియదు గానీ, ఉన్నట్టే వినపడేది. రెండేళ్ళు నేను స్నానం చేసేటప్పుడు కోత వైపు చూసేదాన్ని కాదు.

ఇప్పుడు కాస్త నయం. ఉద్యోగం చేస్తున్నాను. ఉద్యోగంలో చేరేటప్పుడు ఆరోగ్య బీమా ఫారంలో "ఏవైనా ఆపరేషన్లు" అన్నచోట రాశాను. ప్రీమియం పెంచారు, కిడ్నీకి సంబంధించినవి కొన్నేళ్ళు వర్తించవన్నారు. అబద్ధం రాసి ఉంటే సరిపోయేదని ఒకాయన సలహా ఇచ్చాడు. ఎందుకు దాచాలండి? నేనేమైనా దొంగతనం చేశానా?

సూదీదారం గారూ, మీ తమ్ముడు బాగున్నారు. అది చాలా పెద్ద విషయం. అలాగని మీ బాధ చిన్నది అయిపోదు. రెండూ పక్కపక్కనే ఉంటాయి.

---

విశ్రాంత సిస్టర్ · మంగళవారం, మధ్యాహ్నం 3:05

కోడలమ్మా, నీ మాట చదివాక ఒక సంగతి చెప్పాలనిపించింది. ప్రపంచంలో విజయవంతమైన మొదటి కిడ్నీ మార్పిడి 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జరిగింది. కవల అన్నదమ్ములు, రోనాల్డ్ హెరిక్ ఇచ్చాడు, రిచర్డ్ పుచ్చుకున్నాడు. రిచర్డ్ ఎనిమిదేళ్ళు బతికి 1963లో చనిపోయాడు. రోనాల్డ్ 2010 దాకా, 79 ఏళ్ళ వయసు దాకా ఉన్నాడు. కవల సోదరుణ్ణి పోగొట్టుకొని దాదాపు 47 ఏళ్ళు. కొత్తగా చేరిన నర్సులకు ఈ కథ చెప్పేటప్పుడు అందరూ ఆ ఎనిమిదేళ్ళ గురించే అడిగేవారు. ఆ 47 ఏళ్ళ గురించి ఎవరూ అడగలేదు.

---

లెక్కల మాస్టారు (దిల్‌సుఖ్‌నగర్) · మంగళవారం, రాత్రి 8:20

అమ్మా సూదీదారం, మనసు గురించి సిస్టర్ గారు చెప్పారు. నాకు తెలిసింది లెక్క. నీ నష్టం ఎంతో ఎప్పుడైనా కాగితం మీద రాశావా? ఎవరినీ అడగడానికి కాదు, ముందు నీకు తెలియడానికి. షాపు ఎన్నాళ్ళు మూసింది, కిరాయి ఎంత, నెలకు నీకు మిగిలేది ఎంత, టెస్టులకూ ఆటోలకూ ఎంత అయింది. రాయి. మిగతాది తర్వాత చెబుతాను.

---

మల్లాపూర్ ఆటో · మంగళవారం, రాత్రి 10:47

అక్కా, నేను మా ఇంటామెకు ఇచ్చిన. రెండేండ్లయింది. మొగోడు పెండ్లానికి ఇచ్చిండని ఆస్పత్రిల అందరు నన్ను వింతగ చూసిండ్రు. ఎదురుంగ మంచాల మీద ఉన్నోళ్ళంత ఆడోళ్ళే, తల్లులు, భార్యలు, అక్కలు. నేనొక్కడినే మొగోన్ని.

బరువులు ఎత్తొద్దన్నరు. ఆటో కదా, బరువేమున్నది అనుకున్న. ప్యాసింజర్ల మూటలు ఎవరెత్తుతరు? గుంతల రోడ్డుమీద హ్యాండిల్ పట్టుకుంటే కుట్ల కాడ గుంజుతది. నాలుగు నెలలు బండి తీయలె. ఫైనాన్సోడు కిస్తు ఆపడు గద. బండి గుంజుకపోయిండు. ఇప్పుడు కిరాయి ఆటో నడుపుతున్న, దినాం ఓనర్‌కు కట్టాలె.

మా ఆమె మంచిగున్నది. అది చాలు నాకు. కని బండి పోయిందన్న సంగతి ఆమెకు నెల దాకా చెప్పలె. నా కిడ్నీ వల్లనే బండి పోయిందని ఆమె ఏడుస్తదని. చెప్పినంక ఏడ్సింది. ఇద్దరం ఏడ్సినం. ఆ రాత్రి నిద్ర మంచిగ పట్టింది.

---

నిర్వాహకులు · బుధవారం, ఉదయం 7:30

నిన్న అర్ధరాత్రి ఈ చర్చలో "ఓ పాజిటివ్ దాత కావాలి, మంచి మొత్తం ఇస్తాం" అని ఒక సందేశం, ఫోన్ నంబరుతో వచ్చింది. తీసేశాం, ఆ ఖాతా ఆపేశాం. అలాంటివి కనిపిస్తే స్పందించకండి, మాకు చెప్పండి.

---

లెక్కల మాస్టారు · బుధవారం, ఉదయం 8:10

నిర్వాహకులకు ధన్యవాదాలు. ఆ సందేశం అప్పుల్లో ఉన్నవాళ్ళు ఎవరైనా చూసి ఉంటారేమోనని రెండు మాటలు రాస్తాను.

చెన్నైలో కిడ్నీ అమ్ముకున్న 305 మందిని కలిసి చేసిన పరిశీలన 2002లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. నూటికి 96 మంది అప్పు తీర్చడానికే అమ్ముకున్నారు. అమ్ముకున్నాక కుటుంబ ఆదాయం సగటున మూడో వంతు పడిపోయింది. నలుగురిలో ముగ్గురికి అప్పు అలాగే ఉంది. ఇంకొకరికి ఈ పని చేయమని చెబుతారా అంటే నూటికి 79 మంది చెప్పం అన్నారు. ఒళ్ళు కష్టం మీద బతికేవాడు ఒంట్లో భాగం అమ్ముకుంటే మిగిలేది ఇదే. మన సరూర్‌నగర్‌లోనే 2025 జనవరిలో అక్రమ మార్పిడుల వ్యవహారం బయటపడింది. అక్కడ కూడా ఇచ్చినవాళ్ళు పేదవాళ్ళే. అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణ ప్రకారం అవయవం కొన్నా అమ్మినా దళారీ పని చేసినా 5 నుంచి 10 ఏళ్ళ జైలు, 20 లక్షల నుంచి కోటి దాకా జరిమానా. ఆ సవరణను తెలంగాణ శాసనసభ 2025లో స్వీకరించింది.

---

సూదీదారం · బుధవారం, రాత్రి 11:20

సిస్టరమ్మా, మీరు చెప్పింది నిజమే. డిశ్చార్జి అయినంక కుట్లు తీసేటప్పుడు ఒక్కసారి పోయిన. తమ్మునికి చూపించే రోజు వేరు, నాకు వేరు. నాతోని వచ్చేటోళ్ళు లేరని పోలె.

మాస్టారూ, రాసిన. షాపు మూడున్నర నెలలు మూసినం. కిరాయి నెలకు 7,000. కిరాయి పోను నాకు నెలకు 18,000 మిగిలేది. ఆపరేషన్ ఆరోగ్యశ్రీల అయింది, తమ్మునికి పైస ఖర్చు లేదు. కని నావి కొన్ని టెస్టులు బయట చేయించినం, 11,000. ఆటోలు, బస్సులు 6,000. షాపు తెరిచిన కాడి నుంచి సగం పనే వస్తున్నది. పెండ్లిళ్ళ సీజన్ల మూసిన గద, గిరాకీ అంత పక్క గల్లీకి పోయింది. పని నేర్చుకునే పిల్ల గూడ అటే పోయింది. చిట్టీ రెండు నెలలు కట్టలె, సంఘం లోను ఆలస్యమైతే మిగతా ఆడోళ్ళు నా తరఫున కట్టిండ్రు. వాళ్ళ మొఖం చూడాలంటే సిగ్గయితున్నది.

---

లెక్కల మాస్టారు · గురువారం, ఉదయం 6:55

మూసిన మూడున్నర నెలలకు రాబడి 63,000, కిరాయి 24,500. టెస్టులు, ప్రయాణాలు 17,000. తెరిచాక మూడున్నర నెలలకు సగం రాబడి, అంటే 31,500 తగ్గింది. మొత్తం 1,36,000.

ఇప్పుడు అసలు మాట. మన దేశంలో అవయవ మార్పిడి చట్టం 1994లో వచ్చింది. అవయవానికి డబ్బు ఇవ్వడం నేరం అని అందరికీ తెలుసు. అదే చట్టంలో "చెల్లింపు" అంటే ఏమిటో చెప్పిన చోటు చాలామంది చదవరు. అవయవం ఇచ్చినందువల్ల నేరుగా అయిన ఖర్చునూ, పోయిన సంపాదననూ, సమంజసమైన మేరకు తిరిగి ఇవ్వడం అందులోకి రాదని అక్కడ ఉంది. అంటే నీ కిడ్నీకి ఖరీదు లేదు, ఉండకూడదు. నీ షాపు కిరాయికి మాత్రం లెక్క ఉంది, దాన్ని మీ తమ్ముడు తీర్చడం తప్పు కాదు, నేరం అంతకంటే కాదు. కిడ్నీకి బదులు అని పొలమో ఇంటి వాటానో కాగితం రాయడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి, అది వేరే దారి. పోయినదానికి లెక్క, రసీదులు, అంతే.

పెద్దబాలశిక్ష గారూ, మీ మాట మీద నాకు గౌరవం ఉంది. కానీ దానం ఆమె చేసింది. 1,36,000 నష్టం మాత్రం ఆమె పిల్లల మీద పడింది. ఆ పిల్లలు దానం చేయలేదు.

---

పెద్దబాలశిక్ష · గురువారం, ఉదయం 10:02

మాస్టారూ, ఆ చివరి మాట నన్ను ఆపింది. చెల్లెమ్మా, నేను తొందరపడ్డాను. మన్నించు.

---

చెప్పలేనిది · గురువారం, రాత్రి 12:35

నేను ఇవ్వలేదు.

మా అన్నయ్యకు. పరీక్షలన్నీ కలిశాయి. నాకు ఇద్దరు చిన్నపిల్లలు, ఇంట్లో సంపాదించేది నేనొక్కణ్ణే. భయపడ్డాను. డాక్టరుగారితో ఒంటరిగా మాట్లాడినప్పుడు ఏడ్చేశాను. ఆయన ఇంట్లోవాళ్ళకు "ఇతను దాతగా పనికిరాడు" అని మాత్రం చెప్పారు, కారణం చెప్పలేదు. అన్నయ్య ఇంకా డయాలసిస్‌లోనే ఉన్నాడు. శనివారాలు నేనే బండి మీద తీసుకెళ్తాను. సూది గుచ్చేటప్పుడు చెయ్యి పట్టుకుంటాను.

ఇచ్చినవాళ్ళ బాధ గురించి మాట్లాడుతుంటే నా బాధ ఎందుకు రాస్తున్నానో తెలియదు. ఇచ్చినా ఇవ్వకపోయినా రాత్రులు ఇలాగే ఉంటాయేమో.

---

విశ్రాంత సిస్టర్ · శుక్రవారం, ఉదయం 5:25

బాబూ, ఆ డాక్టరు చేసింది సరైన పని. కాదనే హక్కు లేకపోతే ఔను అన్న మాటకు అర్థం లేదు. అవయవ మార్పిడి చట్టం కింద వచ్చిన 2014 నిబంధనల్లో ఆడవాళ్ళు దాతలైతే మరింత జాగ్రత్త తీసుకోవాలనీ, ఆమె సొంత అంగీకారాన్ని కిడ్నీ పుచ్చుకునేవారు కాకుండా వేరే వ్యక్తి ద్వారా నిర్ధారించుకోవాలనీ రాశారు. ఎందుకు రాయాల్సి వచ్చిందో ఆలోచించండి. 2023లో మన దేశంలో బతికుండి అవయవాలు ఇచ్చినవాళ్ళలో నూటికి 63 మంది ఆడవాళ్ళు. 1995 నుంచి 2021 దాకా అవయవం పుచ్చుకున్నవాళ్ళలో ఐదుగురిలో నలుగురు మగవాళ్ళు. మల్లాపూర్ తమ్ముడు వార్డులో చూసింది అదే. ఏ ఇంటి కోడలైనా అడ్డం చెప్పలేదు అంటే ఒప్పుకుందని కాదు, ఒక్కోసారి చెప్పే చోటు దొరకలేదని.

అన్నయ్య చెయ్యి పట్టుకుంటున్నావు. అది కూడా నీ శక్తిలో ఉన్నదే ఇవ్వడం.

---

ఉద్దానం కుర్రాడు (ఎర్రగడ్డ) · శుక్రవారం, సాయంత్రం 6:40

నేను అవతలి పక్క మనిషినండి. మాది ఉద్దానం. మా ఊళ్ళో ఇంటికొకరు కిడ్నీ జబ్బోళ్ళు ఉన్నట్టే ఉంటాది. నాకు 26. ఇక్కడ సెక్యూరిటీ డ్యూటీ చేస్తూ డయాలసిస్‌కి పోతన్నాను. మాయమ్మ ఇత్తానంటోంది. పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీలో పిక్కలు ఒలుస్తాది, రోజుకూలి. పనికి పోని రోజు కూలి లేదు. మీ అందరి మాటలూ చదివాక నాకు వద్దని చెప్పాలనిపిస్తాంది. అమ్మకేటైనా అయితే?

---

విశ్రాంత సిస్టర్ · శుక్రవారం, రాత్రి 9:00

నాయనా, భయపెట్టడానికి కాదు మేం రాసేది. లెక్కలు దాచకుండా చెబుతాను. ఒక కిడ్నీ తీశాక మిగిలింది పని పెంచుకుంటుంది, కొన్ని నెలల్లో మొత్తం సామర్థ్యం మునుపటిదానిలో సుమారు మూడింట రెండొంతులకు చేరుతుంది. మామూలు బతుక్కి అది చాలు. ఆపరేషన్‌లో ప్రాణానికి ముప్పు చాలా అరుదు. 2014లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం పదివేల మంది దాతల్లో జీవితకాలంలో కిడ్నీ విఫలమయ్యేది సుమారు 90 మందికి, కిడ్నీ ఇవ్వని ఆరోగ్యవంతుల్లో 14 మందికి. అంటే ముప్పు పెరుగుతుంది, కానీ తక్కువగానే ఉంటుంది.

అయితే మీ ప్రాంతం వేరు. అక్కడ జబ్బు ఇంటిల్లిపాదిలోనూ దాగి ఉండవచ్చు. అమ్మకు క్రియాటినిన్ ఒక్కసారి చూసి సరే అనకూడదు. పూర్తి పరీక్షలు కావాలి, ఆమె వయసు, బీపీ, షుగరు అన్నీ. కాదని డాక్టర్లంటే బతిమాలకు. చనిపోయినవారి కిడ్నీ కోసం ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించావా? నీ ఆసుపత్రి కోఆర్డినేటరును రేపే అడుగు. రెండు దారులూ తెరిచి ఉంచుకో.

ఇంకో మాట. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అవయవం ఇస్తే 42 రోజుల ప్రత్యేక సెలవు ఉంది, 2023లో వచ్చింది. మీ అమ్మకు ఆ సెలవు ఎవరూ ఇవ్వరు. అందుకని ఆ 42 రోజుల కూలి ఇంట్లో ముందే ఉండాలి. ఆపరేషన్ తేదీ కంటే ముందు.

---

తొమ్మిదేళ్ళ ఋణం · శనివారం, రాత్రి 11:10

మూడు రోజులుగా చదువుతున్నాను. నాకు మా అక్క ఇచ్చింది, 2016లో. అక్క కరీంనగర్‌లో ఉంటుంది. ఈ తొమ్మిదేళ్ళలో అక్కను ఎలా ఉన్నావని ఎన్నిసార్లు అడిగానో లెక్కపెట్టుకున్నాను. ఫోన్లో "అంతా మంచిదేనా" అని. అంతే.

సూదీదారం గారూ, మీ తమ్ముడు మీ మొఖం దిక్కు ఎందుకు చూడలేదో నాకు తెలుసనుకుంటున్నాను. ప్రేమ లేక కాదు. మీరు నడుము మీద చెయ్యి వేసుకుంటే చాలు, అది నావల్లే అనిపిస్తుంది. ఏం ఇచ్చినా సరిపోదు, కాబట్టి ఏమీ ఇవ్వం. ఏం మాట్లాడినా చిన్నదే, కాబట్టి మాట్లాడం. చాయ్ తాగకుండా లేచి వెళ్ళిపోతాం. మేం దాన్ని గౌరవం అనుకుంటాం. అవతల అది ఎలా ఉంటుందో మీరు రాస్తేగానీ తెలియలేదు.

రేపు పొద్దున బస్సుకు కరీంనగర్ వెళ్తున్నాను.

---

కాకినాడ కోడలు · ఆదివారం, ఉదయం 8:30

వెళ్ళండి. పళ్ళు, స్వీట్లు తీసుకెళ్ళినా సరే, ముందు ఆవిడ పక్కన కూర్చోండి.

---

తొమ్మిదేళ్ళ ఋణం · సోమవారం, ఉదయం 7:15

వెళ్ళాను. అక్కకు రెండేళ్ళుగా బీపీ ఉందట. మాత్రలు వేసుకుంటోంది. "నీకు చెప్తే నీవల్లనే వచ్చిందనుకుంటవని చెప్పలె" అంది. అది కిడ్నీ ఇచ్చినందువల్లో, వయసువల్లో డాక్టరు చెప్పలేనన్నారట. ఇక నుంచి మూడు నెలలకోసారి అక్క పరీక్షల రోజున నేను అక్కడ ఉంటాను. బావకు కూడా చెప్పాను. ఇంతకంటే రాయలేను.

---

సూదీదారం · మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 10:05

అందరికి నమస్తే. మీరందరు అడుగుతున్నరని రాస్తున్న.

మాస్టారు చెప్పిన లెక్క కాగితం నా పర్సుల పెట్టుకొని వారం తిరిగిన. ఇయ్యాలంటే మనసొప్పలె. ఆఖరికి తమ్మునికి ఫోన్ చేసి ఒక్కటే అడిగిన, "నేను ఓపీకి పోవాలె, నాతోని వస్తవా" అని. వచ్చిండు. డ్యూటీ సెలవు పెట్టిండు. లైన్‌ల నాలుగు గంటలు కూసున్నం. మొదటి గంట ఇద్దరం ఏం మాట్లాడలె. తరువాత వాడే అన్నడు, "నువ్వు షాపుల వంగి కుడ్తుంటే చూడలేకనే రాను అక్కా" అని. గీ మాట ఇన్ని నెలలు ఎందుకు చెప్పలేదురా అని కొట్టిన. నిజంగనే భుజం మీద కొట్టిన, పక్కనున్న ముసలవ్వ నవ్వింది.

గప్పుడు కాగితం తీసి ఇచ్చిన. చదివి చాలసేపు మడతపెట్టుకుంట కూసున్నడు. మరునాడు షాపు కిరాయి పైసలు, చిట్టీ పైసలు తెచ్చిండు. సంఘం ఆడోళ్ళకు కట్టాల్సింది గూడ. మిగతాది నెలకింత ఇస్తనన్నడు. పోయిన గిరాకీ లెక్క వద్దురా, అది నేను మళ్ళ సంపాదించుకుంట అన్న. వాడు ఒప్పుకోలె. ఇంక తేలలె.

మరదలు ఇంక ఫోన్ చేయలె. ఆమె భయం ఆమెకున్నది, నేను ఇంటి వాటా అడుగుతనని ఎవరో ఎక్కించిండ్రట. మా ఆయనకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించిన. ఏమనలె. పొద్దుగాల నీళ్ళ బిందెలు తనే పట్టిండు.

సిస్టరమ్మా, క్రియాటినిన్ 1.1, మూత్రంల ప్రొటీన్ లేదన్నరు. బీపీ 136/86 ఉన్నది. నొప్పికి నరాల గోలి రాసిండ్రు. మనసు డాక్టరు కాడికి వచ్చే గురువారం రమ్మన్నరు.

---

విశ్రాంత సిస్టర్ · సోమవారం, ఉదయం 5:30

రిపోర్టులు బాగున్నాయి తల్లీ. బీపీ మాత్రం వారంలో రెండు మూడుసార్లు కూర్చుని నిదానంగా చూపించుకొని రాసిపెట్టుకో, డాక్టరుకు చూపించు. పచ్చళ్ళూ అప్పడాలూ తగ్గించు. గురువారం తప్పకుండా వెళ్ళు.

---

ఉద్దానం కుర్రాడు · సోమవారం, రాత్రి 9:45

జీవన్‌దాన్‌లో పేరు రాయించానండి. అమ్మకి పరీక్షలు మొదలెట్టారు, ఇంకా తేలలేదు. రక్తం గ్రూపు కలవకపోతే ఇంకో కుటుంబంతో మార్చుకునే పద్ధతి ఉందన్నారు, దాని గురించి కూడా అడుగుతాను. అమ్మ పేరున పోస్టాఫీసులో ఖాతా తెరిచాను. మొదటగా 2,000 వేశాను. ఆపరేషన్ అయ్యేది కానిది తర్వాత, నెలనెలా ఏత్తాను. పాస్‌బుక్కు నా కాడే జాగ్రత్తగా పెట్టాను.

---

సూదీదారం · సోమవారం, రాత్రి 10:20

తమ్మీ, పాస్‌బుక్కు అమ్మ చేతికే ఇయ్యి.